ప్రాచీనగ్రంథ పునర్ముద్రణము: వర్ణభేదము, రూపభేదము

ప్రాచీనాంధ్రగ్రంథమును మఱల ముద్రించుట నూతనగ్రంథమును ముద్రించుటకంటెఁ గష్టతరమైన కార్యము. నూతనగ్రంథమునఁ గర్త వ్రాసిన వాక్యము చెడకున్నఁ జాలును. ప్రాచీనగ్రంథమున నాతఁడు వాడిన వర్ణమునుగూడ రక్షింపవలసి యున్నది. ‘ఏఁడు’ అనఁగా సంవత్సరము, ‘ఏడు’ అనఁగా సంఖ్య. ‘వేఱు’ అనఁగా భిన్నము, ‘వేరు’ అనఁగా వృక్షమూలము. అరసున్న యొకటి జాఱినను, శకటరేఫ మొకటి సాధురేఫముగా మాఱినను, పాఠకునకు లభించునది కర్త పదము గాదు. ఈ హాని యిటీవలి పునర్ముద్రణములలోఁ దఱచుగాఁ గానవచ్చుచున్నది గనుక దాని కారణములను విచారించుట యవసరము.

పునర్ముద్రణమునకు రెండు మార్గములు గలవు. మొదటిది ఛాయాముద్రణము, రెండవది పునఃకూర్పు.

ఛాయామార్గమునకు భాగ్యనగరము గొప్ప యాశ్రయమైనది. 1998లో గచ్చిబౌలియందు స్థాపింపఁబడిన ఐఐఐటీ విద్యాసంస్థ భారత డిజిటల్ గ్రంథాలయ ప్రణాళికలోఁ బాలుగొనినది. ఆ ప్రణాళికవలన ననేకములగు తెలుఁగు పుస్తకములు ఛాయారూపమున నందఱకు నందినవి. ఈ యుపకారము మఱవరానిది. అయినను జదువుటకుఁ జాలిన ఛాయ యచ్చునకుఁ జాలుననుట పొరపాటు. నలుపు తెలుపులను మాత్రమే గ్రహించు ఛాయలో నడిమివన్నె లేదు. పాతకాగితముపై నున్న మరక నలుపై యక్షరమునఁ గలియవచ్చును. సన్నని గీఁత తెలుపై మాయము కావచ్చును. అరసున్న సన్నని గీఁతయే గదా! కావున ఛాయాముద్రణము చేయువారు బూడిదవన్నెలతోఁ గూడిన ఛాయను దీయించి, మూలప్రతితోఁ బుటపుటయుఁ బోల్చి చూడవలయును.

పునఃకూర్పున చిక్కులు వేఱు. యూనికోడు అను సార్వత్రిక సంకేతపద్ధతి 1991లో వెలువడిననాఁడే యందుఁ దెలుఁగునకు స్థానము లభించినది. అరసున్నకును శకటరేఫమునకును గూడ లభించినది. ప్రాచీనరూపమగు నకారపు పొల్లునకు మాత్రము ప్రత్యేకస్థానము 2021లో వెలువడిన 14వ సంస్కరణమునఁ గాని కలుగలేదు. అందుచేఁ గొందఱు కూర్పరులు దానితోఁ బోలికగల ౯ అను తొమ్మిదియంకెను వాడిరి. చూపున కది పొల్లు. యంత్రమున కది తొమ్మిది. ఆ ప్రతిలో ‘వచ్చెన్’ అను పదమును యంత్రముచే వెదకించిన దొరకదు. వలపలగిలకకుఁ బ్రత్యేకసంకేతము లేదు. రేఫమును, పొల్లును, పిదపఁ గంటికిఁ గానరాని సంధాయకమును వ్రాసినచో, ఆ రూపము గల ఫాంటు దానిని జూపును; లేని ఫాంటు చూపదు.

ఇచ్చట వైయాకరణదృష్టి కావలయును. వలపలగిలకను విడిచి ‘ధర్మము’ అని నేఁటి తీరున వ్రాసినచో వర్ణము మాఱలేదు, రూపము మాత్రమే మాఱినది. నకారపు పొల్లును నేఁటి ‘న్’ గా వ్రాయుటయు నట్టిదే. పీఠికలోఁ దెలిపి సంపాదకుఁడు వీనిని మార్పవచ్చును. అరసున్నను దీసివేయుట వర్ణలోపము. శకటరేఫమును మార్చుట వర్ణవ్యత్యయము. ఇవి పీఠికలోఁ దెలిపినంతమాత్రమున నిర్దోషములు గావు. ‘నేఁ డెవరును వానిని వేఱుగా నుచ్చరింపరు గదా’ యని కొంద ఱందురు. ఉచ్చారణము పోయినందుననే వ్రాత సాక్ష్యముగా మిగిలినది. శకటరేఫమునకు సాధురేఫముతోఁ బ్రాస కూడదని లాక్షణికులు విధించిరి. ఆ నియమమును గవి పాటించెనా, మీఱెనా యనుట కాలనిర్ణయమున కొక యాధారము. రెండు రేఫములును నొకటియైన ముద్రణమునఁ బరిశోధకుఁ డేమి చూడఁగలఁడు?

కాగితము పొదుపుచేయఁగోరి పంక్తులను దగ్గఱ చేర్చుట మఱియొక దోషము. తెలుఁగునఁ బైపంక్తి వత్తులు క్రిందికి దిగును, క్రిందిపంక్తి గుడులు పైకి లేచును. రెండును దాఁకినచోట వత్తేదో మరక యేదో తెలియదు. ‘స్త్రీ’ అను నక్షరము క్రింద ‘కీ’ అను నక్షరము వచ్చునట్లొక పరీక్షాపుటను గూర్చి, యంతరమును నిర్ణయించుకొనుట మేలు.

ఇఁక బైండు. 1885లో వెలువడిన శబ్దరత్నాకరము వంటి నిఘంటువు నిత్యము తెఱవవలసిన పుస్తకము. మడతలను గోసి, వెన్నునకు వేఁడిజిగురు మాత్రమే పూసినచో, దళసరి పుస్తకము చక్కగాఁ బఱచుకొనదు. బలవంతముగాఁ దెఱచినఁ బుటలూడును. లోపలియంచు చాలనిచోఁ గుడిపుటలోఁ బంక్తుల మొదళ్లు వెన్నులో మఱుఁగుపడును. నిఘంటువునందు శీర్షికపదము లుండునది యచ్చటనే! ఫారములను మడతలోఁ గుట్టించి, కాగితపు నార వెన్నునకు సమాంతరముగా నుండునట్లు చూచినచోఁ బుటలు సులభముగా వంగును, పుస్తకము చిరకాలము నిలుచును.

1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప హైటెక్ సిటీ ప్రాంతము సంగణక విద్యకు నిలయమైనది. ఉపకరణములకుఁ గొఱఁత లేదు. ఏది రూపమో యేది వర్ణమో కూర్పరికిఁ జెప్పవలసినవాఁడు పండితుఁడు. కూర్పు ముగిసిన పిమ్మటఁ బ్రూఫులు దిద్దుటతోఁ దన పని తీఱినదని యాతఁడు తలఁపరాదు. కూర్పునకు ముందే ఫాంటును బరీక్షించి, మార్పఁదగినవానిని మార్పఁదగనివానిని జాబితా వ్రాసి యీయవలయును. పరిషత్తులును బాఠశాలలును బునర్ముద్రణములను గొనునపు డట్టి జాబితా పీఠికలో నున్నదా యని యడుగుట మంచిది.