తిరుగు ప్రయాణాన్ని మరచిన యాత్రా సాహిత్యం

యాత్రా గ్రంథాలను సమీక్షించేటప్పుడు రచయిత ఎక్కడికి వెళ్ళాడు, ఏమి చూశాడు అన్న రెండు ప్రశ్నలతోనే విమర్శకులు సాధారణంగా తృప్తి పడుతుంటారు. ఎలా తిరిగివచ్చాడన్న మూడవ ప్రశ్న అరుదుగా వినవస్తుంది. ఇందుకు విమర్శకులను మాత్రమే తప్పుపట్టనవసరం లేదు. తెలుగులో వెలువడిన ఆధునిక యాత్రా రచనలలో అధికభాగం, చివరి దర్శనీయ స్థలం పూర్తికాగానే, రైలెక్కి ఇల్లు చేరామన్న ధోరణిలో ఒక్క వాక్యంతో ముగుస్తాయి. ఆ ఒక్క వాక్యం కింద ఒక్కొక్కప్పుడు రెండు వేల కిలోమీటర్ల దేశం అణగిపోతుంది. ఇది కేవలం శిల్పలోపమా, లేక మన చూపులోనే ఉన్న లోపమా అన్నది పరిశీలింపదగిన విషయం.

మన యాత్రా వాఙ్మయానికి ఆద్యుడైన ఏనుగుల వీరాస్వామయ్య ఈ పని చేయలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పోయేటప్పుడు శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా పోయాడు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, జగన్నాథం చూసుకొని, ఉత్తర సర్కారుల గుండా తీరం వెంబడి వచ్చాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు తెలియజేస్తూ వచ్చిన ఆ వివరాలు, రచయిత మరణానంతరం 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. గమ్యం కాశీయే అయినా, కాశీ దాటిన తరువాత ఆయన కలం మందగించలేదు. మజిలీల మధ్య దూరం, నీటి వసతి, అంగళ్ళు, పరిపాలన తీరు మొదలైన వాటిని యథాపూర్వంగా నమోదు చేస్తూనే వచ్చాడు. నైజాం రాజ్యాన్నీ, కుంపిణీ సర్కారులనూ ఒకే యాత్రికుడి కంటితో పోల్చి చూసే అవకాశం చరిత్ర విద్యార్థికి ఈ గ్రంథంలో దొరుకుతున్నదంటే, అందుకు రాకపోకలు రెండూ రాసిన ఆయన నిష్ఠయే కారణం.

ఈ నిష్ఠ వెనుక కాలధర్మం కూడ ఉన్నది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ సమానమన్న సామెత ఊరక పుట్టలేదు. నడకనో, బోయీల భుజాల మీదనో, పడవల మీదనో సాగిన ఆనాటి యాత్రలో, తిరిగి రావడమన్నది హామీ లేని విషయం. తిరిగివచ్చినవాడు గంగాజలానికి పూజచేసి, కాశీ సమారాధన జరిపి బంధువులకు భోజనాలు పెట్టడంలోని అర్థం కూడ ఇదే. అనిశ్చితమైనది గనుకనే తిరుగు ప్రయాణానికి అంత విలువ.

రైలు ఈ స్థితిని మార్చివేసింది. 1853లో బొంబాయి–ఠాణాల మధ్యను, 1856లో మద్రాసు రాయపురం నుండి వాలాజా వరకును మొదలైన రైలుమార్గాలు క్రమంగా దేశమంతటా అల్లుకొన్నాయి. 1929లో కాజీపేట–బల్హార్షా మార్గం పూర్తికావడంతో మద్రాసు, ఢిల్లీలు తెలుగునేల మీదుగా సూటిగా కలిశాయి. తిరిగి రావడం టిక్కెట్టుతో నిశ్చయమైపోయింది. పోయిన దారినే తిరిగివచ్చేటప్పుడు కొత్తగా చెప్పవలసినదేమున్నదని రచయితలు భావించి ఉంటారు.

ఈ సమాధానం పైకి సబబుగానే కనిపించినా, మన సాహిత్య సంప్రదాయమే దానిని ఖండిస్తున్నది. రఘువంశంలో కాళిదాసు పదమూడవ సర్గను లంక నుండి అయోధ్యకు సాగిన పుష్పక ప్రయాణానికే కేటాయించాడు. రాముడు సీతకు చూపించే పంపాసరస్సు, గోదావరీ తీరం, చిత్రకూటం కొత్త స్థలాలు కావు. ఒకప్పుడు తాము నడిచినవీ, కొన్నిచోట్ల తాను ఒంటరిగా దుఃఖించినవీ. స్థలం మారలేదు, చూసేవాడు మారాడు. పాత దారిని కొత్త కంటితో చూడడమే తిరుగు ప్రయాణపు వస్తువని ఆ మహాకవి నిరూపించాడు. కనుక దారి ఒకటేనన్నది సాకు మాత్రమే.

ఈ లోటు రాజధానిలో నివసించే తెలుగువారికి మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఢిల్లీ, నోయిడా, గుర్గాఁవ్‌లలో ఉద్యోగరీత్యా స్థిరపడినవారికి యాత్ర అంటే తిరుగు ప్రయాణమే. చంబల్ లోయలు దాటి, నర్మద దాటి, బల్హార్షా తరువాత స్టేషను బోర్డుల మీద తెలుగు అక్షరాలు కనిపించి, మంచిర్యాల–రామగుండంల నడుమ గోదావరి వంతెన వచ్చేసరికి పెట్టెలో మాటల యాస మారుతుంది. 1976లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్, రాష్ట్ర విభజన జరిగిన మరుసటి ఏడు, 2015లో, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. పాత పేరు అదే సంవత్సరం విశాఖపట్నం పోయే కొత్త రైలుకు దక్కింది. ఇంటికి తీసుకుపోయే బండి పేరే రెండుగా చీలడం సామాన్య విషయం కాదు. అయినా ఆ అనుభవం మన యాత్రా రచనలో ఇంకా తగిన చోటు సంపాదించుకోలేదు.

విహారయాత్రికుణ్ణి ప్రమాణంగా పెట్టుకోవడమే ఈ లోపానికి మూలమని నా అభిప్రాయం. విహారికి ఇల్లు కథ ముగిసే చోటు. వలస పోయినవాడికి అదే గమ్యం. 2020 మార్చి చివర లాక్‌డౌన్ వేళ ఢిల్లీ సరిహద్దున ఆనంద్ విహార్ వద్ద వేలాది శ్రామికులు బస్సుల కోసం గుమిగూడిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. ఆ ఏడు మే 1న దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు తెలంగాణలోని లింగంపల్లి నుండే జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయలుదేరింది. తిరిగి చేరడం మళ్ళీ ఒకసారి వీరాస్వామయ్య నాటివలె అనిశ్చితమయింది. అయితే ఆయనకు పరివారమూ, పలుకుబడీ, కలమూ ఉన్నాయి. వీరి ప్రయాణం పరిపాలనా దస్త్రాలలో సంఖ్యలుగా నిలిచింది. బండ్లెన్ని, ప్రయాణికులెందరు అన్నది దస్త్రం చెప్పగలదు. గడప తొక్కినవాడు ఏమనుకొన్నాడో చెప్పలేదు. ఆ పని సాహిత్యానిది.

యాత్రా రచన చేయబూనేవారు వీరాస్వామయ్య నుండి నేర్వవలసినది మొదట ఇదే. చూడవలసినవన్నీ చూసిన తరువాత కూడ దినచర్య రాయడం మానరాదు. విమర్శకులు సైతం గ్రంథంలోని చివరి పుటలను అడిగి చదవాలి. దేశం ఒకరికి ఎంతవరకు అర్థమయినదీ, దానిని వెంటబెట్టుకొని ఇంటికి వచ్చిన తీరును బట్టియే తెలుస్తుంది.