మంచం పక్కన కుర్చీ

సోమవారం రాత్రి తొమ్మిదింటికి కూడా బాలానగర్‌లో లేత్ మిషన్లు తిరుగుతూనే ఉంటాయి. ఫ్లైఓవర్ దిగి లోపలి సందుల్లోకి వెళ్తే, షట్టరు సగం దించిన ఒక షెడ్డు మీద మేడగది ఉంది. అందులో చాప పరుచుకుని ఏడుగురు కూర్చుంటారు. ఒకరు టర్నరు, ఒకరు స్కూలు బస్సు డ్రైవరు, ఒకామె నర్సు, మిగతావాళ్లు చిన్న చిన్న క్రైస్తవ సంఘాల కాపరులు. పగలు జీతానికి, సాయంత్రాలూ ఆదివారాలూ సంఘానికి పనిచేసేవాళ్లే అందరూ. ఒళ్లో, రోగుల పరామర్శ నేర్పే దూరవిద్య కోర్సు నుంచి పోస్టులో వచ్చిన పాఠ్యపుస్తకం, చేతిలో రెండు పేజీల సొంత రాత. ఆ రెండు పేజీల కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ రాతను వెర్బేటిమ్ అంటారు. రోగిని పరామర్శించి వచ్చిన వెంటనే, మరిచిపోకముందే, అక్కడ జరిగిన సంభాషణను మాట మాటగా కాగితం మీద పెట్టడం. వాళ్లేమన్నారు, నేనేమన్నాను, ఎక్కడ ఆగాం, ఎవరి కళ్లు ఎటు తిరిగాయి. పక్కన మార్జిన్‌లో ఆ క్షణాన నా లోపల ఏం జరిగింది. పేర్లు రాయకూడదు, గుర్తుపట్టే వివరాలు రాయకూడదు. తర్వాత దాన్ని తోటివాళ్ల ముందు పైకి చదవాలి. వినడానికి ఇంతే. చేసి చూస్తే తెలుస్తుంది దాని పదును.

ఆ రాత్రి టర్నరు తమ్ముడు చదివినది నాకింకా చెవుల్లో ఉంది. రోగి అన్నాడట, రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదన్నా అని. మందులు వేసుకుంటున్నావా అని ఇతను అడిగాడు. వేసుకుంటున్నా, పిల్ల పెళ్లి చూస్తానో లేదో అన్నాడు రోగి. దానికి ఇతని జవాబు: దేవుడున్నాడు, ఏం కాదు, ప్రార్థన చేసుకుందామా?

చదవడం అయిపోయింది. గదిలో ఎవరూ తప్పు పట్టలేదు. పాఠం చెప్పే పెద్దాయన ఒక్కటే అడిగారు: "పిల్ల పెళ్లి మాట రాగానే నీకు ప్రార్థన ఎందుకు గుర్తొచ్చింది తమ్ముడూ?" చాలాసేపు జవాబు లేదు. కింద మిషను చప్పుడు వినబడుతోంది. చివరికి అన్నాడు, "నా బిడ్డకూ పద్దెనిమిదేళ్లయ్యగారూ. నాకు భయమేసింది."

ఇదీ విద్య! తన భయాన్ని దాచుకోవడానికి ప్రార్థనను అడ్డం పెట్టుకున్నానని ఒక మనిషి తెలుసుకోవడం. రోగి తలుపు తెరిచాడు, ఇతను దగ్గరుండి మూశాడు. ఆ తలుపు ఎక్కడ మూసుకుందో రాత పట్టిచ్చింది. మైక్రోమీటరు పట్టుకుని వెంట్రుకవాసి తేడాను కనిపెట్టే చేతులు అవి. మాటల్లో అంతటి కొలత ఉంటుందని అతనికి ఆ రాత్రే తెలిసింది.

నేను కాపరిని కాను. మా నాన్న ఇక్కడి ఐ.డి.పి.ఎల్. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన చివరి వారంలో ఆసుపత్రి వార్డుకు ఒక బోధకుడు వచ్చాడు. మంచం కాళ్ల దగ్గరే నిలబడి, వార్డంతా తిరిగి చూసేలా గట్టిగా ప్రార్థన చేసి, మధ్యలో మోగిన ఫోను జేబులోంచి తీసి చూసుకుని, ఐదు నిమిషాల్లో వెళ్లిపోయాడు. మా నాన్న గోడవైపు తిరిగి పడుకున్నారు. మర్నాడు ఇంకొకాయన వచ్చారు. స్టూలు లాక్కుని, నాన్న ముఖానికి సమంగా తన ముఖం వచ్చేలా కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఫ్యాక్టరీలో ఏ సెక్షనండీ మీరు?" అని అడిగారు. నాన్న అరగంట మాట్లాడారు. ఆ ఇద్దరికీ తేడా భక్తిలో లేదు, తర్ఫీదులో ఉంది. అప్పటినుంచీ నేను ఈ విద్య పక్షం.

ఈ పని చేసే కాపరిని చాప్లిన్ అంటారు. ఆ మాట మార్టిన్ అనే సాధువు చలికి వణికే బిచ్చగాడికి కోసిచ్చిన అంగీ నుంచి పుట్టిందని చెబుతారు. సైన్యంలో, ఆసుపత్రిలో, జైల్లో, గుడి బయట మనిషి ఉన్న చోటికే వెళ్లే కాపరి చాప్లిన్. మన భారత సైన్యంలోనూ పండిట్, మౌల్వీ, గ్రంథీలతో పాటు పాద్రీ కూడా మతబోధకుడి హోదాలో ఉంటాడు. ఆసుపత్రి మంచం దగ్గర దీన్ని చదువుగా మార్చినవాడు మాత్రం అమెరికాలో ఆంటన్ బోయ్‌సెన్. ఆయన గొప్పదనం ఏమిటంటే, తానే 1920లో మానసిక వైద్యశాలలో రోగిగా ఉండి వచ్చాడు. ఆ తర్వాత వూస్టర్ ఆసుపత్రిలో చాప్లిన్‌గా చేరి, 1925 వేసవిలో నలుగురు విద్యార్థులను వార్డుల్లోకి తీసుకెళ్లాడు. పుస్తకాలు చదివినంత శ్రద్ధగా బతికున్న మనిషిని చదవండి అన్నాడు. వెర్బేటిమ్ రాత పద్ధతి అదే బాటలో రసెల్ డిక్స్ చేతిలో పదునెక్కింది. డాక్టరు రిచర్డ్ క్యాబట్‌తో కలిసి 1936లో ఆయన రాసిన పుస్తకం రోగి పక్కన కూర్చోవడాన్ని ఒక కళగా నిలబెట్టింది.

మంచం పక్కన నేర్చుకునే విద్యను దూరవిద్యగా ఎలా ఇస్తారు, ఈత పోస్టులో నేర్పినట్టు కాదా అని చాలామంది నన్ను అడిగారు. వాళ్లకు నేను చూపించేది కొత్త నిబంధన. తిమోతికీ తీతుకూ పౌలు రాసిన పత్రికలేమిటి? దూరాన ఉన్న యువ కాపరులకు అందిన పాఠాలే కదా. వాటికి కాపరి పత్రికలనే పేరు. విధవరాళ్లతో ఎలా మెలగాలి, పెద్దవాళ్లను ఎలా మందలించాలి అన్నీ ఉత్తరంలోనే అందాయి. చేసి చూడవలసిన చోటు మాత్రం తిమోతి ఉన్న ఊరే.

అసలు కిటుకు అక్కడుంది. 1963లో గ్వాటెమాలాలో రాల్ఫ్ వింటర్, జేమ్స్ ఎమరీ, రాస్ కిన్స్‌లర్ కలిసి సెమినరీని పల్లెలకు మోసుకెళ్లారు. పొలం, కుటుంబం వదిలి పట్నం రాలేని నాయకుల దగ్గరికి బడే వెళ్లింది. టెడ్ వార్డ్ అనే విద్యావేత్త ఈ పద్ధతిని కర్ర కంచెతో పోల్చాడు. అడ్డంగా రెండు కర్రలు: ఒకటి ఇంట్లో చదివే పాఠం, రెండోది వీధిలో చేసే పని. ఆ రెంటినీ పట్టి నిలబెట్టే గుంజలు, వారం వారం జరిగే కూడికలు. గుంజలు పీకేస్తే కర్రలు రెండూ నేలమీదే. బాలానగర్ మేడగది అలాంటి ఒక గుంజ. బెంగళూరు కేంద్రంగా 1971లో మొదలైన టాఫ్టీ అనే సంస్థ మన దేశంలో ఈ దారిని వేసింది. వేదాంత డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ కూడా క్లాసుకు రాలేనివాళ్లకు బయటినుంచి క్రైస్తవ అధ్యయనాల్లో డిగ్రీ చదువుకునే వీలిచ్చింది.

తెలుగువాళ్లం దూరవిద్యకు కొత్తవాళ్లం కూడా కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది మన దగ్గరే. ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్న ఆ క్యాంపస్ జూబ్లీహిల్స్ చివర, దుర్గం చెరువు పక్కన, కేబుల్ బ్రిడ్జి మీద ఐటీ ఉద్యోగులు సెల్ఫీలు దిగే చోటికి దగ్గర్లో ఉంది. పుస్తకాలు ఇంటికి, క్లాసులు ఆదివారాలు అన్న ఏర్పాటు లక్షల ఇళ్లలో దీపం పెట్టింది. కాపరికి మాత్రం ఆదివారమే డ్యూటీ. అందుకే మా మేడగది సోమవారం వెలుగుతుంది.

మన నేల మీద ఈ పనికి ఉన్న వంశం తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఎర్రగుంట్ల పేరయ్యను తలుచుకోండి. తాళ్లకొండపాడు తోళ్ల వ్యాపారి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాక సెమినరీ గడప తొక్కి కాదు, ఊళ్లు తిరిగి, ఇళ్లల్లో కూర్చుని, మనుషుల మాట విని కాపరి అయ్యాడు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ సంగతి అంతకంటే గొప్పది. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని ఇచ్చాడు. ఆయన బోధకులే అక్కడ మేస్త్రీలు. మధ్యాహ్నం పార పక్కన పెట్టినప్పుడు కూలీల మధ్య కూర్చుని వాళ్ల కష్టం విన్నారు. కానీ అన్నం చూపించి ఎవరినీ కలుపుకోకూడదని, ఆ పదిహేను నెలలు క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు సహాయం ముగిశాకే గుండ్లకమ్మలో 1878 జులై 3న 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ రోజు నీళ్లలోకి దిగింది కూడా ఆయన కాదు, ఆయన తెలుగు బోధకులు. జనం ఆ 2,222నే చెప్పుకుంటారు. నేను చేతులెత్తి మొక్కేది ఆ పదిహేను నెలలకు. చాప్లిన్ నీతి అంతా అందులో ఉంది. మంచం మీద ఉన్నవాడు ఎటూ లేచి పోలేడు. వాడి బలహీనతను వాడుకోకూడదు. హిందువైతే ఆయన ఇష్టదైవం పేరు, ముస్లిమైతే ఆయన దువా, ఏమీ వద్దంటే ఊరికే పక్కన ఉండటం. ఆ మేడగదిలో దీన్ని మొదటి వారమే నేర్పుతారు. ఈ హద్దు దాటినవాణ్ణి మళ్లీ వార్డుకు పంపరు.

ఇంకా ఎన్ని మెలకువలని! తలుపు దగ్గర ఆగి లోపలికి రావచ్చా అని అడగడం, ఎందుకంటే వార్డులో రోగిని అడక్కుండా వచ్చేవాళ్లే అందరూ, ఒక్క మనిషైనా అడగాలి. మంచం మీద కూర్చోకపోవడం. టిఫిన్ క్యారియరు పట్టుకుని వరండాలో నిద్ర లేక కూర్చున్న అటెండెంటును రోగితో సమానంగా పలకరించడం. 'దేవుడి చిత్తం', 'అందరికీ ఉండేదే' అన్న మాటలు నాలుక చివరి నుంచి వెనక్కి మింగేయడం. అన్నిటికంటే కష్టమైనది మౌనం. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద నోరు మెదపకుండా కూర్చున్నారు. అంతవరకే వాళ్లు మంచి చాప్లిన్లు, నోరు తెరిచాకే అంతా పాడుచేశారు. మా పెద్దాయన అభ్యాసం ఒకటి పెడతారు: ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని మూడు నిమిషాలు మాట్లాడకూడదు. ప్రసంగాలు దంచే కాపరులకు చెమటలు పట్టడం నేను చూశాను.

ఇప్పుడు మాదాపూర్ హాస్టళ్ల నుంచి అర్ధరాత్రి ఫోన్లు వస్తున్నాయట కాపరులకు. ఉద్యోగం పోయిన కుర్రాళ్లు, ఇంటికి చెప్పుకోలేని అమ్మాయిలు. ఫోనులో ముఖం కనబడదు, కాబట్టి మౌనాన్ని కూడా వినిపించాలి. ఉన్నాను, వింటున్నాను అని మధ్యలో ఒక్క మాట. ప్రాణం తీసుకునే ఆలోచన ఉందా అని సూటిగా అడగడం. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ. ఉందంటే ఒంటరిగా వదలకుండా డాక్టరు దాకా వెంట వెళ్లడం. కాపరి మానసిక వైద్యుడు కాదన్న హద్దు కూడా ఈ చదువులో భాగమే.

ఇక నా కడుపు మండే విషయానికి వస్తాను. ఫ్లెక్సీ మీద పేరుకు ముందు 'డాక్టర్' లేని బోధకుడు ఈ మధ్య కనబడటం లేదు. డబ్బు కడితే గౌరవ డాక్టరేట్, హోటలు హాల్లో నల్లగౌను, టోపీ, ఫోటో. మూడు రోజుల జూమ్ క్లాసుకు చాప్లిన్ సర్టిఫికెట్, మెడలో వేసుకునే ఐడీ కార్డు అదనం! ఒక్క రోగి పక్కన కూర్చోలేదు, ఒక్క పేజీ వెర్బేటిమ్ రాయలేదు. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టబద్ధమైన విశ్వవిద్యాలయాలకే ఉంది. సెరంపూర్‌కు 1827 నాటి డెన్మార్క్ రాజు చార్టరు, 1918 నాటి చట్టం ఉన్నాయి. వీళ్లకేమున్నాయి? ప్రింటరుంది. ఆ కార్డు చూపించి వార్డులోకి దూరినవాడు చేసే గాయం నేను మా నాన్న ముఖంలో చూశాను. వీళ్ల వల్లే ఆసుపత్రులు నిజమైన చాప్లిన్లను కూడా గేటు దగ్గరే ఆపేస్తున్నాయి. దూరవిద్య అంటేనే దొంగ చదువు అనే పేరు తెచ్చిపెట్టింది వీళ్లే. పోస్టులో పుస్తకం రావడం తప్పు కాదు. గుంజలు పీకి కంచె అమ్మడం తప్పు.

మనవాళ్ల ఉదాసీనత తక్కువా? వెల్లూరు సి.ఎం.సి.లో ఈ తర్ఫీదుకు విభాగమే ఉంది. మన జనమెంతమంది రైలెక్కి అక్కడికి వైద్యానికి వెళ్తున్నారో అందరికీ తెలుసు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఉంది, 1964లో రాజమండ్రిలో మొదలై ఇక్కడికి వచ్చింది. డాక్టర్లకూ నర్సులకూ భారతీయ పాలియేటివ్ కేర్ సంఘం ఎనిమిది వారాల దూరవిద్య కోర్సు నడుపుతోంది. రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో, ఖాజాగూడ స్పర్శ్ హాస్పీస్‌లో చివరి రోజుల మనుషులు ఉన్నారు. అన్నీ ఉన్నాయి, ఒకదానికొకటి తాడు కట్టేవాళ్లే కావాలి. కాలేజీ అధ్యాపకులు నెలకొక్క సోమవారం మా సందుల్లోకి రండి. ఆసుపత్రులు పర్యవేక్షణ ఉన్న విద్యార్థులకు వారానికి రెండు గంటలు తలుపు తీయండి. మన వార్డుల మాటలతో, మన యాసల్లో, పేర్లు తీసేసిన వెర్బేటిమ్‌ల సంపుటి తెలుగులో ఒకటి తెండి. మా గదిలో చదివే ఉదాహరణల్లో రోగికి ఇంకా మంచు కురుస్తున్న కిటికీ కనబడుతోంది.

అమ్మగార్ల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. కాపరి భార్యలు, పాతకాలపు బైబిలు స్త్రీల వారసురాళ్లు. ప్రసవాల దగ్గర, శవాల దగ్గర సగం పరామర్శ వాళ్లదే. కోర్సు ఫీజు కట్టేటప్పుడు మాత్రం సంఘం ఒక్కరికే కడుతుంది. ఇద్దరికీ కట్టండి. కొత్త సౌండ్ బాక్సులు ఇంకో ఏడాది ఆగగలవు.

టర్నరు తమ్ముడు ఆ మంగళవారం షిఫ్టు దిగి మళ్లీ అదే మంచం దగ్గరికి వెళ్లాడు. తర్వాతి సోమవారం చదవడానికి తెచ్చిన కాగితం అర పేజీ కూడా లేదు. మొదటి వాక్యం అతనిదే: పెళ్లి సంగతి చెప్పన్నా, అబ్బాయి ఏం చేస్తాడు? కింద అంతా రోగి మాటలే.