గరిటె బరువు తెలిసిన చేతులు

కోల్‌కతా సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ల పనితనం గురించి ఎంత చెప్పినా తక్కువే. పిల్లలకు వాళ్లు ‘మాసీ’లు, అంటే పిన్నులు. అయిదో తరగతి దాకా ఒక్కో బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలని లెక్క. కాగితం మీది ఆ గ్రాములను కమ్మటి కిచిడీ చేసేది వాళ్లే. హాజరు తేలగానే ఎసరు కొలుస్తారు. ఇంట్లో నలుగురికి వండిన అలవాటు ఇక్కడ చాలదు. గుండిగ అడుగంటిందా, ఆ మాడు వాసన వంద పళ్లేలకూ పడుతుంది. అందుకే బియ్యం, పప్పు పడ్డాక పొడవాటి గరిటెను అడుగుకు తగిలేలా తిప్పుతూనే ఉంటారు. గరిటె బరువెక్కే తీరును బట్టి మంట తగ్గిస్తారు. కారం మాత్రం ఒకటో తరగతి పిల్లల నాలుకను తలచుకునే వేస్తారు. ఎవరు మారు అడగడానికి మొహమాటపడతారో వాళ్లకు బాగా తెలుసు. అడగని పళ్లెంలోనూ ఇంకో గరిటె పడుతుంది. పొద్దున ఏమీ తినకుండా బడికొచ్చిన పిల్ల మధ్యాహ్నం పాఠం వినగలుగుతోందంటే అది ఆ గరిటె చలవే. కేంద్ర పథకం కింద 2009లో వీళ్లకు ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలే. రాష్ట్రం పైన కొంత కలిపినా ఇంత నేర్పుకు అది చాలదు. కనీసం 12 నెలల జీతమైనా వాళ్లకు దక్కాలి.