ఖాళీ లేని జైళ్ల మీద ఒక తీర్పు

2011 మే 23న అమెరికా సుప్రీంకోర్టు ‘బ్రౌన్ వర్సెస్ ప్లాటా’ కేసులో ఇచ్చిన తీర్పును లాయర్లే కాదు, రాయడం నేర్చుకునేవాళ్లూ చదవాలి. రెండేళ్లలో జైళ్లలోని జనాన్ని తగ్గించాలని కాలిఫోర్నియాకు కింది కోర్టు ఇచ్చిన ఆదేశాన్ని 5–4 తేడాతో నిలబెట్టిన తీర్పు ఇది. రాసింది జస్టిస్ ఆంథొనీ కెనెడీ.

ఖైదీలను బయటికి పంపమంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. అందుకే కెనెడీ ముందు మనల్ని లోపలికి తీసుకెళ్తారు. సుమారు 80,000 మందికి కట్టిన జైళ్లలో దాదాపు రెట్టింపు మంది. ఒక్క వ్యాయామశాలలో 200 మంది దాకా, కాపలాకు ఇద్దరు ముగ్గురు. ఒకే మరుగుదొడ్డికి 54 మంది దాకా. ఆత్మహత్య చేసుకుంటారని భయమున్నవాళ్లకు టెలిఫోన్ బూతంత బోను. అలాంటి బోనులో ఒక మనిషి దాదాపు 24 గంటలుగా, తన మూత్రంలోనే నిలబడి, ఉలుకూ పలుకూ లేకుండా ఉండడం ఒక మానసిక వైద్య నిపుణుడు చూశాడు. ఇతన్ని పెట్టడానికి చోటు లేదన్నారు అధికారులు.

వ్యాఖ్య ఏమీ చేర్చకుండా కెనెడీ ముందుకు వెళ్లిపోతారు. నాకు ఈ తీర్పులో అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇక్కడే ఉంది. ఖైదీల హక్కుల ఉల్లంఘనకు రద్దీయే ప్రధాన కారణమని తేలితే తప్ప ఖైదీల సంఖ్య తగ్గించమనే అధికారం చట్టప్రకారం కోర్టుకు లేదు. ఆ రుజువును అధికారుల నోటితోనే చెప్పించారు.

జైళ్ల సామర్థ్యంలో 137.5 శాతం మందే ఉండాలన్న పరిమితి కూడా గాలిలోంచి ఊడిపడలేదు. ఫెడరల్ జైళ్ల శాఖ లక్ష్యం 130, రాష్ట్ర నిపుణుల సంఘం అంచనా 145. కింది కోర్టు ఆ రెంటికీ నడుమ గీత గీసింది. సత్ప్రవర్తనకు శిక్ష తగ్గించడం, పెరోల్ షరతులు తప్పినవాళ్లను మళ్లీ జైలుకు పంపకుండా బయటే కార్యక్రమాల్లో ఉంచడం వంటి దారులు చూపి, ఎంపికను కెనెడీ రాష్ట్రానికే వదిలారు. విడుదలైనవాళ్లు నేరాలు చేస్తారన్న విభేదించిన న్యాయమూర్తుల భయాన్నీ తోసిపుచ్చలేదు. ప్రజల భద్రత మీదే విచారణలో దాదాపు 10 రోజులు వాదనలు సాగాయని గుర్తుచేశారు.

తీర్పు చివర ఫొటోలున్నాయి. ఇంత పొదుపరి రచయితకు అవెందుకని అడగొచ్చు. అవసరమే. వ్యాయామశాల అనగానే మనకు తోచేది ఖాళీ నేల, అంతస్తుల మంచాల బారులు కావు.

అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. తీవ్రం కాని నేరాలవాళ్లు కౌంటీ జైళ్లకు మళ్లారు. రాష్ట్ర జైళ్ల నుంచి విడుదలైనవారిలో చాలామంది కౌంటీ ప్రొబేషన్ అధికారుల పర్యవేక్షణలోకి వచ్చారు. గోడలు మారినవాళ్లూ ఉన్నారు, నిజమే. 2015 ఆరంభానికి రాష్ట్ర జైళ్లు ఆ 137.5 గీత కిందికి దిగాయి.