ఏటి మీద ఇంటి భాష

కర్టిస్ హాన్సన్ 1994లో తీసిన 'ది రివర్ వైల్డ్' అనే ఇంగ్లీషు సినిమాను దుండగుల కథగానే చెప్పుకుంటారు. మొన్న ఇంటిల్లిపాదీ కూర్చుని మళ్లీ చూశాం. ఈసారి నా చూపు తెప్ప మీద కంటే చేతుల మీదే నిలిచింది.

కథ పెద్దదేం కాదు. పనిలో పడి ఇల్లు మరచిన భర్త, ఒకప్పుడు తెప్పలు నడిపి రాటుదేలిన భార్య గెయిల్ (మెరిల్ స్ట్రీప్), కొడుకు, కుక్క. రబ్బరు తెప్పలో విహారానికి బయలుదేరతారు. దారిలో స్నేహంగా కలిసిన ఇద్దరూ దొంగలని తరువాత తెలుస్తుంది. కథలో నది ఐడహో రాష్ట్రంలోని సామన్. తెర మీది నీళ్లు మాత్రం చాలావరకు మోంటానావి. అందులో ఫ్లాట్‌హెడ్ నది మధ్యపాయ గ్లేసియర్ నేషనల్ పార్కు సరిహద్దు వెంట పారుతుంది. 1966లో ఆ పార్కులో పేరు పెట్టి లెక్కించిన హిమానీనదాలు 35. 2015 నాటికి మిగిలినవి 26. సినిమాకు ఆ చింత లేదు. నీటి ఉరవడిని మాత్రం రాబర్ట్ ఎల్స్‌విట్ కెమెరా ఒళ్లు జలదరించేలా పట్టుకుంది.

గెయిల్ తండ్రి బధిరుడు. ఆమె ఉద్యోగం బధిరులకు చదువు చెప్పడం. కనుక చేతులతో మాట్లాడడం ఆ ఇంట్లో వింతేమీ కాదు. తుపాకీ ఎదుట నోరు మెదపలేని వేళ భార్యాభర్తలకు ఆ భాషే అక్కరకొస్తుంది.

నా పేచీ ఇక్కడే. తాతగారింట్లో అన్నిటికీ చాలిన భాష, కథ ముదిరేసరికి దొంగల కన్నుగప్పే సంకేతంగా మిగిలింది. ఆ పని కాగానే దర్శకుడు దాన్ని పక్కన పెట్టేశాడు. చివరికి తుపాకీతోనే లెక్క తేల్చాడు. నదిని అంతగా ఎరిగిన మనిషికి అది చాలా చిన్న గెలుపు.

కటక్‌లో నేను పనిచేసిన శాఖలో తెలుగువాళ్లం ఇద్దరం. ఖాతాదారుకు తెలియకూడని మాట ఉంటేనే తెలుగులోకి దిగేవాళ్లం. ఇంట్లోనూ అంతకంటే గొప్పేం లేదు. పిల్లల బడి, ఆట, తగువు అన్నీ ఒడియాలోనే. ఎవరింటికైనా వెళితే "ఇక లేద్దాం" అని చెప్పుకోవడానికి మాత్రం తెలుగు.

సినిమా సగంలో మా చిన్నవాడు సంబరపడిపోయాడు: "నాన్నా, వాళ్లకీ మనలాగే రహస్యభాష ఉంది!"

నాకు జవాబు తోచలేదు. సినిమాను వెనక్కి తిప్పి, తాతగారింటి ఘట్టం మళ్లీ పెట్టాను.