వరదను తెరమీద చూపడం ఎట్లా?

పురానాపూల్ 1578లో కట్టిన వంతెన. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదు నగరాన్ని ముంచినప్పుడు తక్కిన వంతెనలు దెబ్బతిన్నా ఇది నిలిచినది. ఆనాటి కొలతలను కంప్యూటరు సాయంతో కదిలే బొమ్మగా మలచవలసి వస్తే, సినిమా తెలిసినవారు కెమెరాను ఎక్కడ పెడతారు? ఈ వంతెన కమానుల ఎదుటనే. నీరు కమానులను మింగుతూ ఉంటే చూచేవారు ఊపిరి బిగబట్టుకుంటారు. కాని అక్కడ కనిపించేది వరద ఫలితమే గాని కారణం కాదు.

కారణం ఎగువన ఉన్నది. 1909లో పరిశీలనకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క ప్రకారం, 860 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండగా 221 తెగినవి. ఒక చెరువు తెగితే ఆ నీరు దిగువ చెరువు మీద పడుతుంది. అదీ తెగితే రెండింటి నీరూ మూడవదాని మీద పడుతుంది. ఈ గొలుసును చూపడానికి కెమెరా వంతెనను వదలి ఆకాశానికి ఎక్కవలెను. రెండు రోజుల వానను రెండు నిమిషాలకు కుదిస్తే కాలం 1,440 రెట్లు వేగంగా నడుస్తుంది. అంకెల పట్టికలో తెలియని వరుస కంటికి అందుతుంది. సినిమా నేర్పు విజ్ఞానానికి చేయగల మేలు ఇదే.

ఆ నేర్పే మోసమూ చేయగలదు. బొమ్మ రక్తికట్టడానికి నేల ఎత్తును పది రెట్లు పెంచితే మూసీ తీరం కొండల నడుమ అగాధంలా కనిపిస్తుంది. ముదురు ఎరుపు పూస్తే మోకాలిలోతు నీరు కూడా ప్రళయంగా తోస్తుంది.

ఈ చిక్కు వరదలకే పరిమితం కాదు. 2014లో వచ్చిన 'ఇంటర్‌స్టెల్లార్' చిత్రంలోని కృష్ణబిలాన్ని భౌతికశాస్త్రవేత్త కిప్ థోర్న్ సమీకరణాలతో గణించి చూపినారు. బిలం చుట్టూ తిరిగే వాయువుల పళ్లెం ఒక పక్క కాంతివంతంగా, మరొక పక్క మసకగా కనిపించవలసినది. ప్రేక్షకులు తికమకపడతారని ఆ భేదాన్ని విడిచిపెట్టినారు. ఆ సంగతిని 2015లో శాస్త్రవ్యాసంలో తామే వెల్లడించడం మెచ్చదగినది. అయినా హాలులో కూర్చున్నవారు ఆ వ్యాసం చదవరు. కథకు ఈ స్వేచ్ఛ చెల్లుతుంది, పాఠానికి చెల్లదు.

కనుక ఇటువంటి చిత్రాన్ని తరగతిలో చూపే ఉపాధ్యాయులు విద్యార్థులచేత కొన్ని ప్రశ్నలు వేయించవలెను. కాలాన్ని ఎన్ని రెట్లు కుదించినారు? ఎత్తును ఎన్ని రెట్లు పెంచినారు? ఏ రంగు ఏ కొలతకు గుర్తు? ఈ జవాబులు తెరమీదనే ఉండవలెను. అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి: కెమెరా చూపని చోట ఏమి జరుగుతున్నది?

వంతెన దగ్గరే చూపు నిలిపినవారికి గట్టు ఎత్తు పెంచాలని మాత్రమే తోస్తుంది. విశ్వేశ్వరయ్య ఎగువకు చూచినాడు. ఆయన సలహా మేరకు జలాశయాలు వెలసినవి: ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో.