పాట ఆగిన తర్వాత

ఈ వారం ఒక ఆరాధనలో ఒకే వరుసను పాడించిందే పాడించారు. డ్రమ్ము జోరు, మైకు హోరు పెరిగాయే తప్ప పాట ముందుకు కదల్లేదు. కొత్త పాటల్లో చరణాలు చిక్కిపోతున్నాయని ఈ కాలమ్‌లో మొత్తుకోవడం నాకు అలవాటే. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనల మధ్య పెరిగినవాణ్ణి. చరణానికొక మెట్టు ఎక్కాలంటాను.

ఆ లెక్కన, ఒకే వరుసను తిప్పి తిప్పి పాడే తైజే పాటలు నాకు నచ్చకూడదు. తైజే ఫ్రాన్సులో క్లూనీ దగ్గరి పల్లె. స్విట్జర్లాండ్ నుంచి బ్రదర్ రోజే 1940లో అక్కడికి వచ్చి ఇల్లు కొని, యుద్ధానికి చెదిరినవాళ్లకు తలదాచుకునే చోటిచ్చాడు. 1949 ఈస్టర్‌కు ఏడుగురు సహోదరులు జీవితాంతం కలిసి బతుకుతామని మాటిచ్చారు. డెబ్భైల నాటికి యువత వేలల్లో వస్తోంది. ఎవరి భాష వాళ్లది, కలిసి పాడే దారేది? పారిస్ ఆర్గానిస్టు జాక్ బెర్తియే ఒకటి రెండు వరుసల పాటలు కట్టింది అందుకే. చాలావాటికి లాటిన్ మాటలు. ఎవరింటి భాషా కాదు గనుక ఎవరూ పరాయివాళ్లు కారు. 1985 చివర్లో ఆ సహోదరులు మద్రాసులో కూడా యువతను కూడగట్టారు.

తైజే ప్రార్థనలో ప్రసంగం ఉండదు. తెల్లని అంగీల సహోదరులు జనం మధ్యనే కూర్చుంటారు, అందరి ముఖాలూ ఒకే దిక్కుకు. పాట ఎత్తుకున్నదెవరో కనిపించరు. రెండోసారికి కళ్లు పుస్తకం వదులుతాయి, నాలుగోసారికి ఆల్టో, బాస్ కలుస్తాయి. శుక్రవారం రాత్రి సిలువను నేలమీద పడుకోబెడతారు. ఒక్కొక్కరే మోకాళ్లమీద వచ్చి దానికి నుదురానించి లేస్తుంటే పాట సాగుతూనే ఉంటుంది.

అక్కడా ఒకే వరుసే, మరి తల ఎందుకు దిమ్మెక్కదు? మనం తిప్పి తిప్పి పాడేది ఊపు పెంచడానికి. వాళ్లు పాడేది సద్దుమణగడానికి. ఒక పాట ఆగాక ఎనిమిది, పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. నాకిప్పుడు చరణాల మీదకన్నా ఆ నిమిషాల మీదే బెంగ. మన ఆరాధనలో పాటకూ ప్రార్థనకూ మధ్య సందు దొరికితే కీబోర్డు దూరిపోతోంది.

పాస్టర్‌గారూ, లాటిన్ పాటలు తెప్పించనక్కర్లేదు. మన కీర్తనల్లో పల్లవులకు కొదవలేదు. ఈ ఆదివారం ఒక్క పల్లవి మెల్లగా పాడించి, వాక్యం చదివించి, ఐదు నిమిషాలు కీబోర్డు ఆపించండి.